సీటు ఇవ్వండి, కానీ ఊరికే ఇవ్వకండి

షికాగోలోనో డాలస్‌లోనో గేటు దగ్గర కూర్చున్నారు. బోర్డింగ్ ఇంకా మొదలవలేదు. మైకులో ప్రకటన వినిపిస్తుంది: "ఈ ఫ్లైట్‌లో ఉన్న సీట్లకంటే ప్రయాణికులు ఎక్కువయ్యారు. తర్వాతి ఫ్లైట్‌లో వెళ్ళడానికి ఎవరైనా ముందుకొస్తే నాలుగు వందల డాలర్ల వోచర్ ఇస్తాం."

మీరు పక్కవాళ్ళ వంక చూస్తారు. వెళ్ళి అడిగితే ఏమనుకుంటారో? తర్వాతి ఫ్లైట్ ఎప్పుడో? ఇంతలో వీపు సంచీ తగిలించుకున్న కుర్రాడొకడు లేచి కౌంటర్ దగ్గరకెళ్ళి, రెండు నిమిషాలు మాట్లాడి, నవ్వుకుంటూ వచ్చి కూర్చుంటాడు. మీరింకా ఆలోచిస్తూనే ఉంటారు.

మీరు రెండో రకం మనిషైతే, ప్రకటన పూర్తికాకముందే లేచి, ఒక్క ప్రశ్నా వెయ్యకుండా బోర్డింగ్ పాస్ ఇచ్చేసి, ఆ రాత్రి ఎయిర్‌పోర్టు కుర్చీలో నడుం వాలుస్తారు. పొద్దున్నే తెలుస్తుంది, మిమ్మల్ని వేసింది స్టాండ్‌బై జాబితాలో అని. ఈ ఇద్దరికీ ఉన్న ఇబ్బంది ఒకటే, మొహమాటం. ఒకరికి లేవడానికి మొహమాటం, ఇంకొకరికి లేచాక అడగడానికి మొహమాటం.

ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు పట్టుకోవడం మనకు బాగా వచ్చు. పట్టుకున్న సీటును మంచి ధరకు వదులుకోవడం మాత్రం ఎవరూ నేర్పలేదు. ఈ అధ్యాయం దానికోసం.

ముందు ఒక సంగతి మనసులో పెట్టుకోండి. అక్కడ అవసరం వాళ్ళది. టికెట్ కొన్నవాళ్ళలో కొందరు రారన్న అంచనాతో విమాన సంస్థలు సీట్లకు మించి టికెట్లు అమ్ముతాయి. అమెరికాలో అది చట్టవిరుద్ధం కాదు. అంచనా తప్పిన రోజున ఆ భారం గేటు దగ్గర నిలబడ్డ ఉద్యోగి నెత్తిన పడుతుంది. 1968లో జూలియన్ సైమన్ అనే ఆర్థికవేత్త దీనికో ఉపాయం చెప్పాడు: ఎవరినో బలవంతంగా ఆపే బదులు, ఎంతిస్తే ఆగుతారో ప్రయాణికులనే అడగండి, తక్కువ అడిగినవాళ్ళను ఆపండి. విమాన సంస్థలు చెవిన పెట్టలేదు. 1972లో వినియోగదారుల హక్కుల ఉద్యమకారుడు రాల్ఫ్ నేడర్‌కే సీటు లేదన్నారు. ఆయన వేసిన కేసు 1976లో అమెరికా సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. ఆ తర్వాత 1978లో, ఎవరినైనా ఆపే ముందు వాలంటీర్లను అడిగి తీరాలన్న నియమం వచ్చింది. కాబట్టి మైకులో మీరు వింటున్నది సాయం కోసం అభ్యర్థన కాదు, వేలంపాట. పాటలో మొహమాటపడేవాడికి ఏం మిగులుతుంది?

1. ఇంట్లో ఉండగానే మీ ధర అనుకోండి

గేటు దగ్గర నిలబడి లెక్కలు వేస్తే తప్పుతాయి. వెనక నలుగురుంటారు, ఉద్యోగి తొందరపెడుతుంది, చెవిలో మైకు. అందుకని బయలుదేరే ముందు రాత్రే రెండు అంకెలు అనుకోండి. మూడు నాలుగు గంటలు ఆలస్యమైతే ఎంతకు ఒప్పుకుంటారు? రాత్రి ఆగాల్సివస్తే ఎంత? రెంటికీ ఒకే ధర కాకూడదు.

ఆ ధరలో మీ ఖర్చులు కూడా కలపాలి. అవతల ఎయిర్‌పోర్టుకు మిమ్మల్ని తీసుకెళ్ళడానికి వచ్చే స్నేహితుడు మళ్ళీ రావాలి. కారు పార్కింగ్ ఇంకో రోజు పెరుగుతుంది. సోమవారం సెలవు పెట్టాలి. ఇవన్నీ పోను మిగిలేదే మీ లాభం. నాలుగు వందల డాలర్ల వోచర్ కోసం ఒకరోజు సెలవు పోగొట్టుకునేవాళ్ళు మన చుట్టూ ఎంతమంది లేరు?

కొన్ని సంస్థలు చెకిన్ చేసేటప్పుడే తెర మీద అడుగుతాయి, ఎంతిస్తే సీటు వదులుకుంటారని. డెల్టా 2011లోనే ఈ పద్ధతి మొదలుపెట్టింది. అక్కడ చాలామంది చేసే పొరపాటు, ఎక్కువ అడిగితే అవకాశం పోతుందేమోనని అన్నిటికంటే చిన్న అంకె నొక్కడం. మీరు రాత్రి అనుకున్న అంకె ఉంది కదా, అదే వెయ్యండి. పిలవకపోతే పోయేదేమీ లేదు, మీ సీటు మీకుంటుంది.

2. తొందరగా వెళ్ళండి, తొందరగా ఒప్పుకోకండి

ఇవి రెండూ వేరు. గేటు ఉద్యోగి రాగానే, ప్రకటన ఇంకా రాకముందే వెళ్ళి నెమ్మదిగా చెప్పండి: "ఫ్లైట్ నిండిపోయిందా అండీ? వాలంటీర్లు కావాలంటే నేనున్నాను. ఎంతిస్తారో, ఎప్పుడు పంపిస్తారో చూసి చెప్తాను." పేరు రాసుకుంటారు. జాబితాలో పేరుండటం అంటే ఒప్పుకోవడం కాదు. అలా చెప్పాక గేటుకు దూరంగా వెళ్ళకండి. పేరు పిలిచినప్పుడు మీరు కాఫీ కోసం అవతల టెర్మినల్లో ఉంటే ఆ వరస ఇంకొకరికి పోతుంది.

మర్యాద ఇక్కడ చాలా పనిచేస్తుంది. ఆ ఉద్యోగి మీద అప్పటికే పదిమంది అరిచి ఉంటారు. బేరం గట్టిగా ఆడవచ్చు, గొంతు మాత్రం పెంచకూడదు.

3. "ఎంత" కంటే ముందు "ఎప్పుడు"

ఈ అధ్యాయంలో ఒక్కటే గుర్తుంచుకోగలిగితే ఇది గుర్తుంచుకోండి. నష్టపోయినవాళ్ళలో చాలామంది డబ్బు దగ్గర కాదు, తర్వాతి ఫ్లైట్ దగ్గర నష్టపోయారు.

సంభాషణ ఇలా నడవాలి:

"నా సీటు ఇవ్వడానికి సిద్ధమే. నన్ను ఏ ఫ్లైట్‌లో పంపిస్తారు?"

"సాయంత్రం ఆరింటికి ఒకటుంది, స్టాండ్‌బైలో పెడతాం."

"స్టాండ్‌బై వద్దండీ. కన్ఫర్మ్ సీటు దేన్లో ఉంది?"

"అయితే రేపు పొద్దున ఏడింటికి."

"సరే, అలాగైతే హోటల్, రాత్రి భోజనం, రేపటి టిఫిన్, హోటల్‌కి వెళ్ళి రావడానికి కారు కూడా ఇవ్వాలి కదా. అవి కాక ఎంతిస్తారు?"

చూశారా, ఇందులో దబాయింపు ఎక్కడా లేదు. ఒక్కో ప్రశ్నకూ ఒక్కో జవాబు రాబట్టడమే. స్టాండ్‌బై అంటే సీటు మిగిలితే ఎక్కిస్తామని, లేకపోతే లేదని. కన్ఫర్మ్ సీటును వదిలి స్టాండ్‌బై తీసుకోవడమంటే ఉన్నదాన్ని ఇచ్చేసి ఆశను తెచ్చుకోవడం. థాంక్స్‌గివింగ్ వారంలో, క్రిస్మస్ ముందు ఇది మరీ ప్రమాదం. ఆ రోజుల్లో వాలంటీర్లకు గిరాకీ ఎక్కువే, కానీ తర్వాతి ఫ్లైట్లు కూడా కిటకిటలాడుతుంటాయి.

ఇంకొంచెం తెలివిగా చేయాలంటే, వరసలో నిలబడే ముందే మీ ఫోన్‌లో తర్వాతి ఫ్లైట్లు చూసి పెట్టుకోండి. శాన్ ఫ్రాన్సిస్కో బదులు శాన్ హోసే మీకు పనికొస్తుందా? మధ్యలో ఒకచోట మారితే ఇవాళే చేరుకోవచ్చా? వేరే సంస్థ ఫ్లైట్ ఏదైనా ఖాళీగా ఉందా? "ఫలానా ఫ్లైట్‌లో వేయగలరా?" అని మీరే నంబరు చెప్తే ఉద్యోగికి సగం పని తగ్గుతుంది. పని తగ్గించినవాళ్ళ మాట తొందరగా తెగుతుంది.

4. వోచర్ డబ్బు కాదు

వెయ్యి డాలర్ల వోచర్ అంటే వెయ్యి డాలర్లని చెవికి వినిపిస్తుంది. నిజానికి అది ఆ ఒక్క దుకాణంలోనే చెల్లే వెయ్యి. గడువు ఎన్నాళ్ళు? ఆ గడువులోగా టికెట్ కొంటే చాలా, ప్రయాణం కూడా పూర్తికావాలా? అంతర్జాతీయ ప్రయాణాలకు చెల్లుతుందా? పండుగ రోజుల్లో చెల్లదా? మీ పేరుకే పరిమితమా, మీ ఆవిడ టికెట్‌కి వాడొచ్చా? ఒకేసారి మొత్తం వాడాలా, మిగిలింది దాచుకోవచ్చా?

ఇవన్నీ అడగడం చాదస్తమేమీ కాదు. వాలంటీర్లకు వోచర్ ఇవ్వజూపేటప్పుడు దాని మీద ఉన్న ముఖ్యమైన షరతులన్నీ ముందే చెప్పాలని అమెరికా రవాణా శాఖ నియమం ఉంది.

ఏడాదికి ఒకసారి హైదరాబాద్ వెళ్ళడం తప్ప విమానమెక్కని మనిషికి, అదీ వేరే దేశపు విమానాల్లో వెళ్ళే మనిషికి, అమెరికా లోపల తిరగడానికి మాత్రమే పనికొచ్చే వోచర్ ఎందుకు? అలాంటప్పుడు "నగదు గానీ, గిఫ్ట్ కార్డు గానీ ఇవ్వగలరా? కాస్త తక్కువైనా సరే" అని అడగండి. అన్నిచోట్లా ఇవ్వరు, కొన్నిచోట్ల ఇస్తారు. నాకైతే సగం విలువ ఉన్న నగదే నయమనిపిస్తుంది. నెలకు నాలుగుసార్లు ఎగిరే కన్సల్టెంటు నాతో ఏకీభవించకపోవచ్చు, అతని లెక్క అతనిది.

5. "చివర్న ఒప్పుకున్నవాళ్ళకు ఎంతిస్తే నాకూ అంత"

పాట నాలుగు వందలతో మొదలై ఎనిమిది వందలకు పోతుంది. మొదట చెయ్యెత్తిన మీకు నాలుగు వందలు, చివరి వాడికి ఎనిమిది వందలు. మండదూ? అందుకని ఒప్పుకునేటప్పుడే ఈ ఒక్క వాక్యం అనండి. చాలాచోట్ల సరేనంటారు. మీరు ముందే అనకపోతే మాత్రం తర్వాత గొడవపడి లాభం లేదు.

ధర ఎంతదాకా పెరగొచ్చు? వాలంటీరుకు ఇచ్చేదానికి చట్టం పై హద్దు పెట్టలేదు. 2017 ఏప్రిల్ 9న షికాగో ఓహేర్ నుంచి లూయీవిల్ వెళ్ళాల్సిన యునైటెడ్ ఎక్స్‌ప్రెస్ విమానంలో, తమ సిబ్బందికి నాలుగు సీట్లు కావాలని ఎనిమిది వందల డాలర్ల దాకా పాడారు. కావలసినంత మంది లేవలేదు. చివరికి అప్పటికే కూర్చున్న ఒక ప్రయాణికుణ్ణి లాక్కెళ్ళిన వీడియో ప్రపంచమంతా చూసింది. ఆ నెలలోనే యునైటెడ్ తన పరిమితిని 10,000 డాలర్లకు, డెల్టా 9,950 డాలర్లకు పెంచాయి. మరుసటి ఏడాది మార్చిలో, వాషింగ్టన్ నుంచి ఆస్టిన్ వెళ్ళే ఒక ప్రయాణికురాలికి నిజంగానే 10,000 డాలర్ల వోచర్ దక్కింది.

అది చదివి రేపు మీరు కూడా పదివేలు అడుగుతారేమో, ఆగండి. అలాంటివి పత్రికలకు ఎక్కేది అరుదు కాబట్టే. మీ వెనకున్నవాడు ఆరు వందలకు ఒప్పుకుంటే మీ తొమ్మిది వందల పట్టుదల గాలికి పోతుంది. రాత్రి అనుకున్న అంకె వచ్చిందా, ఒప్పేసుకోండి.

కుటుంబంతో ఉన్నారా? ఇచ్చే సొమ్ము మనిషికి ఇంత అని గుర్తుంచుకోండి, బుకింగ్‌కు ఇంత అని కాదు. వాళ్ళకు రెండు సీట్లే కావాలంటే నలుగురూ ఆగక్కర్లేదు. కానీ భార్యాభర్తలు ఒకళ్ళు ముందు వెళ్ళి, ఒకళ్ళు వెనక ఉండేటప్పుడు పిల్లాడి పాస్‌పోర్టు ఎవరి సంచిలో ఉందో చూసుకోండి. నవ్వకండి, ఇది జరిగే సంగతే.

6. కాగితం వచ్చాకే పాస్ వదలండి

నోటి మాటకు గేటు దగ్గర ఆయుష్షు తక్కువ. షిఫ్టు మారితే ఆ ఉద్యోగి ఉండదు, కొత్తావిడకు మీ సంగతి తెలియదు. కొత్త బోర్డింగ్ పాస్, వోచర్ ప్రింటు గానీ ఈమెయిలు గానీ, హోటల్, భోజనం కూపన్లు మీ చేతికి వచ్చాయా? కొత్త పాస్ మీద సీటు నంబరు ఉందా? చూసుకుని ఫోటో తీసుకోండి. ఆ ఉద్యోగి పేరు కూడా రాసుకోండి.

సూట్‌కేసు సంగతి అడగడం మరవకండి. దేశం లోపలి ప్రయాణాల్లో అది చాలాసార్లు ముందు విమానంలోనే వెళ్ళిపోతుంది. మీరు రాత్రంతా హోటల్లో, ఆవకాయ సీసా మాత్రం హాయిగా ఊరు చేరి ఉంటుంది. షుగరు మందులు, బీపీ మాత్రలు, లాప్‌టాప్ చార్జరు, ఒక జత బట్టలు చేతి సంచిలో లేకపోతే అసలు వాలంటీరుగా లేవకండి.

ఒక్కోసారి చివరి నిమిషంలో కొందరు రాక, మీతో వాళ్ళ అవసరం తీరిపోతుంది. అప్పుడు మీరు మామూలుగా ఎక్కేయాలి, వోచర్ రాదు. నిరాశపడకండి. మీ పాత సీటు నంబరు అలాగే ఉందో లేదో మాత్రం చూసుకోండి.

7. తెలియకుండా వాలంటీరైపోకండి

ఇది బేరం కాదు, హక్కు. వాలంటీర్లు చాలకపోతే సంస్థ కొందరిని తానే ఆపుతుంది. ఎవరిని? టికెట్ ధర, ఎప్పుడు చెకిన్ అయ్యారు, తరచూ ప్రయాణించేవారా అన్నవి చూస్తుంది. అలా మీ ఇష్టం లేకుండా ఆపితే మీకు రావలసింది వోచర్ కాదు, నగదో చెక్కో. అమెరికా లోపలి ప్రయాణంలో గమ్యానికి ఒకటి నుంచి రెండు గంటలు ఆలస్యంగా చేరిస్తే ఒకవైపు ఛార్జీకి రెండు రెట్లు, రెండు గంటలు దాటితే నాలుగు రెట్లు. 2025 జనవరి నుంచి వీటి గరిష్ఠం 1,075 డాలర్లు, 2,150 డాలర్లు. అమెరికా నుంచి విదేశాలకు వెళ్ళే విమానాల్లో రెండు గంటల బదులు నాలుగు గంటలు అనుకోండి.

ఇక్కడే మెలిక. "మిమ్మల్ని ఎక్కించలేం సార్, ఇదిగో మూడు వందల వోచర్, ఇక్కడ సంతకం చేయండి" అంటారు. ఆ కాగితంలో మీరు ఇష్టపూర్వకంగా సీటు వదులుకున్నట్టు రాసి ఉంటే? సంతకం పెట్టగానే పైన చెప్పిన హక్కు పోతుంది. కాబట్టి ఒక్క ప్రశ్న అడగండి: "నేను వాలంటీరునా, మీరు ఆపుతున్నారా?" ఆపుతున్నామంటే మీ హక్కులు రాసి ఉన్న కాగితం ఇమ్మనండి. అది ఇవ్వడం వాళ్ళ బాధ్యత. వోచర్ వద్దు, చెక్కు కావాలనండి.

మినహాయింపులూ ఉన్నాయి. 30 నుంచి 60 సీట్ల చిన్న విమానాల్లో బరువు కారణంగా ఆపితే ఈ పరిహారం రాదు. విదేశం నుంచి అమెరికాకు వచ్చే విమానాలకు ఈ నియమం వర్తించదు. చెకిన్ గడువు దాటి వచ్చినవాళ్ళకు ఎక్కడా ఏమీ రాదు.

8. ఎవరు లేవకూడదు?

అమెరికాలో ఉండటానికి ఇచ్చిన గడువు చివరి రోజున వెనక్కి బయలుదేరినవాళ్ళు. ఆ గడువు చూపే ఐ-94లో రాసిన తేదీ దాటితే, వోచర్ కోసం ఆగానని చెప్పుకోవడానికి అవతల ఎవరూ వినరు. మొదటిసారి చదువుకు వెళ్తూ కాలేజీ ఇచ్చిన ఐ-20 పత్రం మీది తేదీకి అక్కడ హాజరు కావలసిన విద్యార్థులు. రెండు వేరువేరు టికెట్లు కొని మధ్యలో మారేవాళ్ళు, ఎందుకంటే మొదటిది మీరే వదులుకుంటే రెండో టికెట్ గురించి ఆ సంస్థకు పట్టదు. కొత్త దారిలో పంపుతామంటే ఆ దేశానికి ట్రాన్సిట్ వీసా కావాలేమో చూడకుండా ఊ అనేవాళ్ళు కూడా ఇందులోకే వస్తారు.

అందరికంటే ముఖ్యంగా, ఒంటరిగా ప్రయాణించే అమ్మానాన్నలు. మనవాళ్ళకో అలవాటుంది, ఎవరేం అడిగినా నవ్వుతూ తల ఊపి "ఓకే ఓకే" అనడం. గేటు దగ్గర ఆ తల ఊపుడు ఖరీదు ఒక రాత్రి. బయలుదేరే ముందే ఫోన్‌లో చెప్పండి: "నాన్నా, మీ పాస్ వెనక్కి అడిగితే ఇవ్వకండి. నాకు ఫోన్ చేసి వాళ్ళ చేతికివ్వండి, నేను మాట్లాడతాను." నాన్నగారు "నాకు తెలీదా ఏంట్రా" అంటారు. అన్నా సరే, ఇంగ్లిష్‌లో ఒక చీటీ రాసి పాస్‌పోర్టు కవర్లో పెట్టండి: "నేను సీటు వదులుకోవడం లేదు. దయచేసి మా అబ్బాయికి ఈ నంబరుకు ఫోన్ చేయండి."

ఇండియాలో, ఐరోపాలో

మన పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ నియమం కూడా ముందు వాలంటీర్లను అడగమనే చెప్తుంది. వాళ్ళకు ఏమివ్వాలన్నది సంస్థ ఇష్టం, కాబట్టి పైన చెప్పిన బేరమంతా ఇక్కడా మీదే. బలవంతంగా ఆపితే లెక్క వేరు. అసలు సమయం తర్వాత గంటలోపు బయలుదేరే విమానంలో పంపితే పరిహారం లేదు. 24 గంటల్లోపైతే ఒకవైపు మూల ఛార్జీ, ఇంధన ఛార్జీ కలిపి దానికి రెండు రెట్లు, 10,000 రూపాయలకు మించకుండా. 24 గంటలు దాటితే నాలుగు రెట్లు, 20,000కు మించకుండా. ఇవ్వకుండా తప్పించుకుంటే సంస్థకు చిక్కే: ఇందుకు 2022 జూన్‌లో ఎయిర్ ఇండియాకు డీజీసీఏ పది లక్షల జరిమానా వేసింది. ఫిర్యాదుకు ప్రభుత్వ పోర్టల్ ఎయిర్‌సేవ ఉంది.

ఐరోపా సమాఖ్య దేశాల నుంచి బయలుదేరే ఏ విమానంలోనైనా బలవంతంగా ఆపితే దూరాన్నిబట్టి 250, 400, 600 యూరోలు. ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి హైదరాబాద్ అంటే 600 తరగతి, మరో విమానంలో తొందరగా చేర్చగలిగితే అందులో సగానికి తగ్గించవచ్చు. అక్కడ ఎవరైనా రెండు వందల యూరోల వోచర్ చూపించి సీటు ఇమ్మంటే ఈ అంకె గుర్తుచేసుకుని మాట్లాడండి.

ఇక ఇంటికి చేరాక చేయాల్సిన పని ఒకటుంది. వోచర్ ఈమెయిలును అడుగున పడనివ్వకండి. నంబరు, పిన్ ఒకచోట రాసుకుని, గడువుకు రెండు నెలల ముందు తేదీకి ఫోన్‌లో రిమైండర్ పెట్టండి. ఒక్క నెల ముందు పెడితే ఆ నెలలో సెలవు దొరక్కపోవచ్చు.